అంగటిలో దొరకని ప్రాజెక్టులు

అమీర్‌పేట మెట్రో కూడలిలో దిగి మైత్రీవనము వైపు నాలుగడుగులు వేసినవారికి తెలుగునాట విద్య యెట్టి వర్తకమైనదో వేఱొకరు చెప్పనక్కఱలేదు. గోడలమీదను, స్తంభములమీదను, మేడమెట్ల మలుపులయందును ప్రకటనలే. జావా యనియు, పైథాన్ అనియు, డేటా సైన్సు అనియు, కృత్రిమమేధ యనియు, ఏ విద్య కావలసిన నా విద్యను కొన్ని వారములలో నేర్పెదమని యవి బాటసారిని పిలుచుచుండును. వాని నడుమ మఱియొక తెగ ప్రకటన కలదు: ప్రాజెక్టులు ఇచ్చట లభించును. ఇంజనీరింగు చివరి సంవత్సరపు విద్యార్థి తాను చేయవలసిన పనిని, తాను వ్రాయవలసిన నివేదికను, పరీక్షకుని ప్రశ్నలకు తాను చెప్పవలసిన సమాధానములను సైతము రొక్కమిచ్చి తీసికొనిపోవచ్చును. పెండ్లి వంటను గుత్తకిచ్చినట్లు చదువును గుత్తకిచ్చుట మన కాలమున గలిగిన వింత.

ఇందులకు విద్యార్థి నొక్కనినే నిందించుట న్యాయము కాదు. తండ్రి అప్పుచేసి పంపిన రుసుము, వసతిగృహమున నలుగురితో పంచుకొన్న గది, ఉద్యోగము దొరకకున్న ఊరికి తిరిగిపోవలసివచ్చునన్న భయము, వీని నడుమ నలుగు యువకునకు కళాశాలలు అనేకములు ఏటేట నవే శీర్షికలను పంచిపెట్టుచున్నవి. హాజరుపట్టీ లెక్క, గ్రంథాలయపు పుస్తకముల లెక్క, ఆసుపత్రి చీట్ల లెక్క. ఇతరులు లెక్కకు మిక్కిలిగా చేసియుంచిన పనిని మరల చేయుమన్నచో కొనితెచ్చుటయే తెలివియని యాతడనుకొనుటలో ఆశ్చర్యమేమి? ప్రశ్న తనది కానప్పుడు జవాబు మాత్రము తనదెట్లగును? కావున అంగడి మూయింపుడని కేకలు వేయుటకంటె, అంగటిలో దొరకనేరని ప్రాజెక్టును విద్యార్థి చేతికిచ్చుట మేలని మా యభిప్రాయము. అట్టి పనులు మన భాషలో, మన చరిత్రలో, ఈ అమీర్‌పేట పంజాగుట్ట వీధులలోనే కుప్పలుగా పడియున్నవి.

భాష, సాహిత్యము, చరిత్ర మున్నగు మానవీయ విద్యలను కంప్యూటరు సాయమున పరిశోధించుటకు ‘డిజిటల్ హ్యుమానిటీస్’ అని పేరు. పేరు క్రొత్తదిగాని పని క్రొత్తది కాదు. 1949లో రాబర్టో బూసా యను ఇటలీదేశపు జెసూటు మతాచార్యుడు, మధ్యయుగపు తత్త్వవేత్తయైన థామస్ అక్వినాసు గ్రంథములలోని ప్రతి పదమునకు అకారాది పట్టిక కూర్పదలచి ఐ.బి.ఎం. సంస్థ నాశ్రయించెను. చిల్లులు పొడిచిన అట్టముక్కలతో నారంభమైన యా కార్యము సుమారు మూడు దశాబ్దములు సాగి 56 సంపుటములుగా వెలువడినది. యంత్రమును ముందుగా కొని, దానితో నేమి చేయుదునా యని యాతడు వెదకలేదు. గ్రంథమును గూర్చిన ప్రశ్న ముందు పుట్టినది. యంత్రము దాని వెంట వచ్చినది. మన విద్యార్థులు నేర్వవలసిన మొదటి పాఠమిది.

రెండవ పాఠమునకు ఇటలీదాక పోవలసిన పనిలేదు. అమీర్‌పేట కూడలికి కొద్ది దూరమున, బేగంపేటలో, నేడు ఆర్థిక సామాజిక అధ్యయన కేంద్రమున్న ఆవరణమునందే నిజామియా వేధశాల కలదు. నవాబు జఫర్‌జంగు 1901లో స్థాపించిన యీ వేధశాలను ఆయన యనంతరము 1908లో నిజాము ప్రభుత్వము స్వీకరించెను. 1919లో నది ఉస్మానియా విశ్వవిద్యాలయమున కప్పగింపబడెను. ఆకాశమునంతటిని ఛాయాచిత్రములుగా తీసి నక్షత్రముల పట్టిక కూర్పవలెనని 1887లో పారిసు నగరమున దేశదేశముల జ్యోతిశ్శాస్త్రజ్ఞులు సంకల్పించిన మహాకార్యములో హైదరాబాదు కొక భాగము వచ్చినది. చాట్‌వుడ్, పోకాక్, టి. పి. భాస్కరన్ గార్ల యాధ్వర్యమున ఇచ్చటి ఉద్యోగులు గాజుపలకలపై పడిన లక్షలకొలది చుక్కల స్థానములను ఒక్కొక్కటిగా కొలిచి, అంకెలు వ్రాసి, సంపుటములు ప్రకటించిరి. ఆ పుస్తకములు చాలకాలము అలమారులలో నిద్రించినవి. శతాబ్దాంతమున పలుదేశముల యా పాత అంకెల నన్నిటిని కంప్యూటరున కెక్కించి, 1989లో నెగసిన హిప్పార్కసు ఉపగ్రహము కొలిచిన స్థానములతో పోల్చిచూడగా, నడుమ గడచిన దశాబ్దములలో ఏ నక్షత్రమెంత కదలినదో తేలినది. 25 లక్షల నక్షత్రముల గమనమును తెలుపు టైకో-2 పట్టిక 2000 సంవత్సరమున నిట్లు వెలువడినది. ఎంతటి ఉపగ్రహమైనను నూఱేండ్ల వెనుకకు పోయి కొలువలేదు గదా! బేగంపేటలో నాటి గుమాస్తా శ్రద్ధగా వ్రాసిన అంకె లేకున్న ఆ జ్ఞానము లేదు. పాత కాగితము చెత్త యని తలచువా రీ కథను మఱువకుందురుగాక.

ఇక ప్రాజెక్టుల మాట. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు పూజ్యమని యొకరు వ్రాయగా, సురవరం ప్రతాపరెడ్డిగారు వాదమునకు వాదము చెప్పి యూరకొనలేదు. ఊరూర నుండి పద్యములను, కవుల వివరములను తెప్పించి 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించిరి. ఆధారములతో జవాబు చెప్పుట యనగా నిది. ఆ గ్రంథమునందలి కవుల పేరును, ఊరును, వివరములు దొరికినంతవరకు వృత్తిని ఒక పట్టికలోని కెక్కించి, ఊళ్లను నేటి పటముపై గుర్తించినచో, తెలంగాణమున నే మూల కవిత్వమెట్లు వర్ధిల్లెనో కంటి కగపడును. ఊళ్ల పేళ్లు మాఱియుండును. ఒకే పేరుగల ఊళ్లు నాలుగైదుండును. అవి తేల్చుటయే పరిశోధన. ఇద్దరు విద్యార్థుల కొక యర్ధసంవత్సరమునకు చాలిన పని యిది.

పాత పత్రికల సంగతియు నట్టిదే. ఉమ్మడి రాష్ట్రమున ప్రెస్ అకాడమీ ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక మున్నగువాని పుటలను చిత్రములుగా తీయించి అంతర్జాలమున నుంచెను. మెచ్చదగిన పని. కాని చిత్రముగా నున్న పుటలో పదమును వెదకుటకు వీలులేదు. యంత్రముచేత చదివింత మన్నచో, వత్తులు అక్షరము క్రిందికి దిగును. మకార యకారములు ఒండొంటిని బోలియుండును. అరసున్నయు బండిరాయు నేటి యచ్చులో నరుదైపోయినవి. నూఱు పుటలను చేతితో తప్పులేకుండ టైపుచేసి, యంత్రము చదివినదానితో పోల్చి, అది యే యక్షరమువద్ద నెన్నిమార్లు తడబడునో లెక్కగట్టి ప్రకటించు విద్యార్థి ముందువారందఱికి బాట వేసినవాడగును. అంతకంటె తొందరగలది మఱియొకటి. తెలుగక్షరములకు యూనికోడునందు 1991లోనే స్థానము లభించినను, అటుపిమ్మట చాలకాలము మన పుస్తకములు, పత్రికలు వేఱువేఱు ఫాంటుల సొంత సంకేతములలో టైపయినవి. ఆ ఫాంటు లేని కంప్యూటరున నా గ్రంథము తెలుగు కాదు, అర్థములేని గుర్తుల మూట. తాళపత్రమును చెదలు తినుటకు శతాబ్దములు పట్టెను. ఇవి ముప్పది యేండ్లకే చదువరానివగుచున్నవి. ఒక్క ఫాంటు సంకేతములను యూనికోడులోనికి తప్పులేక మార్చు సాధనమును చేయుట అమీర్‌పేటలో పైథాన్ నేర్చిన విద్యార్థికి మిక్కిలి తగిన పని.

పుస్తకమే అక్కఱలేని ప్రాజెక్టులును కలవు. అమీర్‌పేట వసతిగృహమంత గొప్ప మాండలిక శాల తెలుగునాట వేఱొకటి కలదా? శ్రీకాకుళపు పిల్లవాడు, అనంతపురపు పిల్లవాడు, ఆదిలాబాదు పిల్లవాడు ఒకే పంక్తిని కూర్చుండి తినుచున్నారు. ఒకడు ఆనపకాయ యన్నదానిని మఱియొకడు సొరకాయ యనును. ఒకనికి పల్లీలు, ఒకనికి బుడ్డలు, ఒకనికి శనక్కాయలు, ఒకనికి వేరుశనగలు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు జిల్లాజిల్లాల రైతుల నోటిమాట లేరి 1962లో వ్యవసాయపదములతో మాండలిక వృత్తిపదకోశపు తొలి సంపుటమును, 1971లో చేనేతపదములతో రెండవదానిని వెలయించిరి. అందులకు పరిశోధకులు ఊళ్లు తిరుగవలసివచ్చెను. నేడు ఊళ్లన్నియు తామై యొక మేడలో చేరియున్నవి. నూఱు వస్తువుల బొమ్మలు చూపి, వీనిని మీ యింట నేమందురని యడిగి, అనుమతితో గొంతును పట్టి, ఊరును గుర్తించి పటము గీయుటకు కావలసినది ఒక చేతిఫోను, కొంత ఓర్పు. ఒక్క మాట: ఈ పిల్లలు నగరమున పదేండ్లున్న పిమ్మట నట్లు పలుకరు.

వీధుల పేళ్లును పుస్తకములే. పంజా యనగా ఉర్దూలో నైదువ్రేళ్ల హస్తము, గుట్ట తెలుగు. అమీరు అరబ్బీ మూలము కలది, పేట మనది. పొరుగున నవాబు ఫఖ్రుల్‌ముల్కు కట్టించిన భవనము పారసీకమున ‘ఇరమ్’ అనగా నందనవనము; తెలుగువాని నోట ‘ఎఱ్ఱ’మంజిల్. ఆ భవనమును కూల్చి శాసనసభ కట్టవలెనన్న ప్రభుత్వ నిర్ణయమును 2019లో ఉన్నత న్యాయస్థానము కొట్టివేయగా భవనము నిలిచినది. కాని రెండు భాషలు ఒకే పేరున కాపురము చేసిన చరిత్రను నిలుపుటకు న్యాయస్థానము చాలదు. పాత పటములను నేటి పటముపై పఱచి, ఏ పేరు ఎప్పుడు, ఏ లిపిలో, ఎట్లు వ్రాయబడెనో చూపుట విద్యార్థులు చేయవలసిన పని. ఆ మాటకు వచ్చిన, ఈ వ్యాసారంభమున జెప్పిన గోడప్రకటనలును చరిత్రయే. మారు నెల మఱియొకటి దానిపై నంటింపబడును. తేదీ వేసి, చోటు వ్రాసి, నెలనెల ఛాయాచిత్రము తీసియుంచినవా డున్నచో, తెలుగు యువకులు ఏ యేట నే విద్యను నమ్ముకొని యిచ్చటికి వచ్చిరో ముందుతరము చదువుకొనగలదు.

ఈ పనులలో జాగ్రత్తలు లేకపోలేదు. మనదేశపు చట్టము ప్రకారము రచనపై హక్కు రచయిత మరణానంతరము 60 సంవత్సరము లుండును. 1953లో గతించిన సురవరమువారి సొంత రచనలు 2014 నుండి ప్రజల సొత్తు. వారి సంచికలోని కవులలో పిమ్మట గతించినవారి పద్యముల సంగతి వేఱు. కవి పేరును, ఊరును పట్టిక వేయుటకు ఎవరి హక్కును అడ్డురాదు; పద్యమును ముద్రించుటకు రావచ్చును. మనుష్యుని గొంతును, ముఖమును ఆతని యనుమతిలేక ప్రకటింపరాదు. మఱియు పది గ్రంథములు చేపట్టి విడుచుటకంటె ఒక గ్రంథమును ముగించుట మేలు.

ఉద్యోగము కావలసినవానికి తెలుగు పద్యముల లెక్కలేల యని తల్లిదండ్రు లడుగుదురు. అడుగదగిన ప్రశ్నయే. పట్టిక కట్టుట, తప్పులేరుట, పటము గీయుట, ప్రోగ్రాము వ్రాయుట, ఇవి బ్యాంకు లెక్కకైనను కవుల లెక్కకైనను ఒకటే. పైగా నేడు కృత్రిమమేధ అడిగిన క్షణమున హాజరుపట్టీ ప్రోగ్రామును వ్రాసియిచ్చుచున్నది. ఊరకనే దొరకు దానిని చేయగలనని చెప్పుకొనువానికి విలువ యేమి? వసతిగృహమున నూఱుగురిని పలుకరించి తెచ్చిన మాటలను ఏ యంత్రమును కల్పించియీయలేదు. కొనినవాడు రెండవ ప్రశ్నకు తడబడును. చేసినవాడు తన పనిలోని లోపమును గూడ చెప్పగలడు. ఇంతియగాక, ఆ యంత్రములు తమకు దొరకిన వ్రాతలనుబట్టియే భాష నేర్చుచున్నవి. మన గ్రంథములు చిత్రములుగను చదువరాని ఫాంటులుగను మిగిలిపోయినచో, రేపు యంత్రము పలుకు తెలుగు అరకొర తెలుగే యగును. అప్పుడు యంత్రమును నిందించి లాభములేదు.

కాలము మనకొఱ కాగదు. 2000 ఆగష్టు వరదలలో బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞానకేంద్రమున నుంచిన అమూల్యమైన ఉర్దూ గ్రంథములు నీట తడిసిన సంగతి హైదరాబాదు మఱువరాదు. 1891 నాటి ఆసఫియా గ్రంథాలయముగా బుట్టిన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము, 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము మున్నగువాని యలమారులు విద్యార్థుల రాకకై యెదురుచూచుచున్నవి. కళాశాలలు తెలుగు విద్యార్థిని, కంప్యూటరు విద్యార్థిని జతచేసి యిట్టి ప్రాజెక్టుల నంగీకరింపవలెను. ముగిసిన పనిని మూలగదిలో పారవేయక అందఱికి అందునట్లుంచవలెను. గ్రంథాలయములు తలుపులు తెఱవవలెను. అమీర్‌పేట శిక్షణాలయములు తమ పాఠములలో నొక్క ఉదాహరణమునైనను తెలుగు నుండి తీసికొనవలెను. వీనిలో నేదియు కోట్లు వెచ్చింపవలసిన పని కాదు.

విద్యార్థులారా! ఒక నవాబు తెప్పించిన దూరదర్శినితో మీ పొరుగుననే కొందఱు నక్షత్రముల నెంచిరి. ఒక పత్రికాసంపాదకుడు నిందకు జవాబుగా కవుల నెంచెను. మీరు వారికంటె మిక్కిలి శక్తిగల సాధనమును జేబులో నుంచుకొని తిరుగుచున్నారు. ఈ సంవత్సరము ప్రాజెక్టు కొనుటకు మెట్లెక్కుటకు ముందు, మీ గదిలోని సహచరుని ఒక్కమారు అడిగి చూడుడు: వేరుశనగను మీ ఊర నేమందురని. ఆ జవాబును వ్రాసికొన్ననాడే మీ ప్రాజెక్టు మొదలైనది.