మొదటి బిందె చెట్లకు... రెండో బిందె?

తెల్లవారక ముందే గల్లీలో చప్పుడు మొదలవుతుంది. పైపులోంచి ‘సుయ్’మంటూ గాలి తన్నుకొస్తుంది. నల్లా రెండుసార్లు తుమ్ముతుంది. ఆ తర్వాత నీళ్లు.

‘‘అత్తమ్మా, నల్లా వచ్చింది. నీళ్లు ఎర్రగున్నయ్...’’

‘‘జరసేపు పోనియ్యి బిడ్డా. మొదటి బిందె చెట్లకు పొయ్యి. తాగేటియి తర్వాత పట్టు.’’

మద్నూర్‌లాంటి ఊళ్లో ఈ మాటలు ఏ గల్లీలోనైనా వినపడతాయి. ఆ అత్తమ్మ ఏ కాలేజీలోనూ నీటి శాస్త్రం చదువుకోలేదు. అయినా చెప్పింది మాత్రం పక్కా శాస్త్రం. రాత్రంతా ఖాళీగా పడి ఉన్న పైపు ఏమేం పీల్చుకుందో చెప్పేది ఆ మొదటి బిందే. చిక్కేమిటంటే, రెండో బిందెలో నీళ్లు తేటగా కనపడతాయి. తేటగా ఉన్నవన్నీ మంచి నీళ్లేనా?

మూడు భాషల ఊరు... ఒకటే దాహం

కామారెడ్డి జిల్లా, బాన్సువాడ డివిజన్‌లో ఓ మూలకు ఉంటుంది మద్నూర్. రోడ్డు పట్టుకుని కాస్త ముందుకెళితే మహారాష్ట్రలోని దెగ్లూర్. ఇంకోవైపు కర్ణాటక. సంతరోజున తెలుగు, మరాఠీ, కన్నడ కలిసి వినపడతాయి. ఒకరు నీళ్లంటారు, ఒకరు పాణీ అంటారు, ఇంకొకరు నీరు అంటారు. దాహం మాత్రం అందరిదీ ఒకటే.

దగ్గరలోనే మంజీర. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, కర్ణాటక మీదుగా తెలంగాణకొచ్చి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలిసే నది. దీని మీదే 1923 - 1931 మధ్య నిజాంసాగర్ కట్టారు. ఎగువన సింగూరు కట్టారు. నది పక్కనే ఉన్నా ఇక్కడి పల్లెల ఆడవాళ్లు తరతరాలుగా నీళ్లకోసం నడిచినవాళ్లే. మొదట చేదబావి, తర్వాత బోరింగ్, ఆ తర్వాత వీధి నల్లా.

2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గరి కోమటిబండలో మిషన్ భగీరథ ప్రారంభమైంది. పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్ల శుద్ధి చేసిన నీళ్లు ఇంటికే ఇవ్వాలన్నది లక్ష్యం. సింగూరు ఆ పథకానికి నీళ్లందించే జలాశయాల్లో ఒకటి. 2019లో కేంద్రం తెచ్చిన జల్ జీవన్ మిషన్‌లో లెక్క మనిషికి 55 లీటర్లు. కాబట్టి నల్లా ఇంటికి రావడం చిన్న విషయం కాదు. నెత్తిమీద బిందె దిగిందంటే ఒక తరం ఆడవాళ్ల నడుము నొప్పి తగ్గినట్టే. ఇక మిగిలింది నాణ్యత సంగతి.

జబ్బు ఎక్కడ దూరుతుంది?

శుద్ధి కేంద్రంలో నీటికి పటిక కలుపుతారు. బురద అడుక్కి దిగుతుంది. ఇసుక పడకల మీదుగా వడపోస్తారు. చివర క్లోరిన్ కలుపుతారు. అక్కడ గ్లాసులో పట్టుకుని తాగొచ్చు. కానీ ఆ నీళ్లు మన ఇంటికి నేరుగా రావు. మైళ్లకొద్దీ పైపులు, ఊరి ట్యాంకు, గేట్‌వాల్వ్, గల్లీ పైపు, ఇంటి సంపు, మిద్దెమీద ట్యాంకు, వంటింట్లో బిందె... ఇన్ని మజిలీలు. జబ్బు ఎక్కువగా దూరేది చివరి మజిలీల్లోనే.

నీళ్లు వదిలినంతసేపు పైపులో ఒత్తిడి ఉంటుంది. ఎక్కడైనా పగులుంటే నీళ్లు బయటికి చిమ్ముతాయి తప్ప బయటి మురికి లోపలికి రాదు. నీళ్లు కట్టేశాక కథ తిరగబడుతుంది. పైపు ఖాళీ అవుతుంటే లోపల పీల్పు పుడుతుంది. పగులు పక్కనే మోరీ ఉంటే ఆ మోరీ నీళ్లే లోపలికి పోతాయి. మర్నాడు నీళ్లు వదలగానే అవి మొదట ఎవరి బిందెలో పడతాయో వారి అదృష్టం.

దీనికి తోడు నల్లాకు బిగించే మోటర్లు. ‘‘మాకు ధార సన్నగొస్తుంది, ఏం చేయాలె?’’ అనేది మోటరు పెట్టినవారి మాట. అందులో అబద్ధం లేదు. కానీ ఆ మోటరు నీళ్లనే కాదు, గల్లీ పైపు చుట్టూ ఉన్న మురికిని కూడా లాగుతుంది. ఒక ఇంట్లో మోటరు ఆడితే ఆ లైనులో ఉన్న ఇళ్లన్నిటికీ ముప్పే.

మద్నూర్ ప్రాంతానికి ఇంకో చిక్కుంది. ఇది నల్లరేగడి నేల. పత్తికి బంగారం, పైపుకు శాపం. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు బారుతుంది. ఏటా ఇలా కదిలే నేలలో పైపుల జాయింట్లు వదులవుతాయి. వేసవి ముగిసి తొలకరి పడ్డాక వాంతులు, విరేచనాల కేసులు ఎక్కువయ్యేది ఇందుకూ కావచ్చు. ఆ కాలంలోనే లైను మొత్తం ఒకసారి నడిచి చూసుకోవాలి.

ఇది పల్లెల బాధే అనుకోవద్దు. 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో కలుషిత నీళ్లు తాగి వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు, పలువురు చనిపోయారు. 2018 మార్చిలో గుంటూరులోనూ అదే జరిగింది. మురుగు కలిసిన నీళ్లు ప్రాణాలు తీశాయి. రెండూ పెద్ద ఊళ్లే. ఇంజినీర్లున్నారు, ల్యాబులున్నాయి. లేనిది ఆ గల్లీలో పైపు మీద ఓ కన్ను.

ఆ కాస్త క్లోరిన్ వాసన

‘‘నీళ్లల్ల మందు వాసనొస్తున్నది, మేం తాగం’’ అని చాలామంది అంటారు. నిజానికి ఆ లేత వాసన మంచి కబురు. మన తాగునీటి ప్రమాణాల ప్రకారం ఇంటి నల్లా దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. దారిలో కొద్దిపాటి మురికి కలిసినా ఆ మిగులు క్లోరినే పోరాడుతుంది. అది సున్నా అయిందంటే నీళ్లకు కాపలా లేనట్టు.

లెక్క కూడా కష్టమైంది కాదు. తాజా బ్లీచింగ్ పౌడర్‌లో పనిచేసే క్లోరిన్ సుమారు పావు వంతు ఉంటుంది. వెయ్యి లీటర్లకు 4 గ్రాములు కలిపితే లీటరుకు 1 మిల్లీగ్రాము వస్తుంది. అంటే 60 వేల లీటర్ల ట్యాంకుకు 240 గ్రాములు. బకెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే ట్యాంకులో పోయాలి. కనీసం అరగంట ఆగి నీళ్లు వదలాలి. బస్తా మూతి తెరిచి తడిగదిలో నెలల తరబడి పెడితే మాత్రం మిగిలేది ఉత్త సున్నమే. అప్పుడు ఎన్ని గ్రాములు పోసినా లెక్క కాగితం మీదే.

క్యాన్ నీళ్లయితే భద్రమా?

నల్లా మీద నమ్మకం పోయినవారు 20 లీటర్ల క్యాన్ తెచ్చుకుంటున్నారు. ఆర్.ఓ. యంత్రం ఉప్పును, ఫ్లోరైడ్‌ను, నైట్రేట్‌ను బాగా తగ్గిస్తుంది. నల్లగొండలాంటి ఫ్లోరైడ్ ప్రాంతాలకు అది ఎంత అవసరమో చెప్పక్కర్లేదు. కానీ ఆర్.ఓ. నీళ్లలో క్లోరిన్ ఉండదు. క్యాన్ కడగకపోతే, మూత సరిగా లేకపోతే, అందులో చెయ్యి ముంచితే ఆ నీళ్లను కాపాడేవారు లేరు. పైగా క్యాన్ కొనలేని ఇల్లు నల్లా నీళ్లే తాగాలి. ఊళ్లో ఉన్నవాళ్లు క్యాన్‌కు మళ్లితే నల్లా గురించి పంచాయతీని నిలదీసే గొంతులూ తగ్గిపోతాయి.

మరిగించడం పాత పద్ధతే, ఇప్పటికీ గట్టి పద్ధతి. నీళ్లు తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం ఉంచితే క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్, నైట్రేట్ మాత్రం మరిగిస్తే పోవు. నీళ్లు ఆవిరై ఇంకాస్త చిక్కబడతాయి. నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే పాలడబ్బా తాగే పసివాళ్లకు మంచిది కాదు. అందుకే పాత బోరు నీళ్లు వాడేవారు ల్యాబులో ఒకసారి చూపించుకోవాలి.

మరి బట్టతో వడగట్టడం? బంగ్లాదేశ్ పల్లెల్లో పాత చీరను నాలుగు మడతలకు తక్కువ కాకుండా వేసి నీళ్లు వడగడితే కలరా దాదాపు సగానికి తగ్గిందని 2003లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. అమ్మమ్మల అలవాటును తీసిపారేయక్కర్లేదు. అయితే క్రిములన్నీ బట్టకు చిక్కవు. వడగట్టాక మరిగించుకుంటేనే నిశ్చింత.

ఎవరేం చేయాలి?

ఇంట్లో: మొదటి బిందె తాగడానికి వద్దు. నల్లాకు మోటరు వద్దు. నల్లా గుంతలో ఉంటే పైకి లేపించాలి. మురికి నిలిచిన గుంతలోంచి బిందె ముంచుకోవడం కంటే ప్రమాదం లేదు. బిందెకు మూత, ముంచడానికి కాడ ఉన్న గరిటె. సంపును, మిద్దెమీది ట్యాంకును క్రమం తప్పక కడగాలి.

గల్లీలో: మోరీ పక్కన పైపు తడిగా కనపడితే ఆ రోజే వాటర్‌మన్‌కు చెప్పాలి. ఒకే గల్లీలో ఇద్దరు ముగ్గురికి విరేచనాలు పట్టుకుంటే ఆశా కార్యకర్తకు, ఆరోగ్య కేంద్రానికి కబురు పెట్టాలి. 1854లో లండన్ డాక్టర్ జాన్ స్నో చేసింది ఇదే. కలరా వచ్చిన ఇళ్లను ఒక్కొక్కటిగా గుర్తు పెట్టుకుంటూ పోయి, జబ్బు ఒక వీధి పంపు దగ్గర్నుంచి వస్తోందని పట్టుకున్నాడు. ఆ పంపు పిడి తీసేశారు. అప్పటికి క్రిమి సిద్ధాంతం ఇంకా స్థిరపడలేదు. గల్లీ లెక్క చాలింది.

పంచాయతీలో: ట్యాంకు కడిగిన తేదీ ట్యాంకు మీదే రాయించాలి. ఊరి చివరి నల్లా దగ్గర క్లోరిన్ పరీక్ష చేయించాలి. ట్యాంకు కింద చేస్తే సరిపోదు. చుక్కల మందు వేస్తే నీళ్లు పసుపు రంగుకు తిరగాలి. జల్ జీవన్ మిషన్‌లో ఊరికి అయిదుగురు మహిళలకు పరీక్ష కిట్ల మీద శిక్షణ ఇవ్వాలన్న నిబంధన ఉంది. ఆ అయిదుగురు మన ఊళ్లో ఎవరో ముందు కనుక్కోవాలి. మలక్రిముల కోసం వాడే చిన్న సీసా అయితే ఇంకా తేలిక. నీళ్లు పోసి వెచ్చటిచోట ఒకటి రెండు రోజులు ఉంచితే చాలు. నల్లబడిందంటే ఆ నీళ్లు తాగొద్దు.

ఇంతచేసినా పిల్లాడికి విరేచనాలు పట్టుకుంటే? ఓఆర్ఎస్ పొట్లం ఉంటే సరే. లేకపోతే లీటరు మరిగించి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా తలకొట్టి కొలవాలి. గుక్కగుక్కగా తాగిస్తూ, కళ్లు లోతుకు పోయినా, మగతగా ఉన్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి.

మళ్లీ ఆ అత్తాకోడళ్ల దగ్గరికి వద్దాం. మొదటి బిందె చెట్లకు పోయింది. రెండో బిందె నిండింది. తేటగానే ఉంది. ఇప్పుడు కోడలు అడగాల్సిన మాట ఒకటుంది. అత్తమ్మను కాదు, పంచాయతీని.

‘‘ఈ నీళ్లు చివరిసారి ఎప్పుడు పరీక్ష చేసిన్రు సారూ?’’

ఆ తేదీ ఠక్కున చెప్పగలిగిన ఊళ్లో రెండో బిందె నిశ్చింతగా తాగొచ్చు.