అలివేలును అవ్వల దగ్గరే వదిలేయొద్దు

పాలమూరు పల్లెల్లో ఉపాధి హామీ మస్టర్ చదివేటప్పుడు తరచూ వినిపించే పేర్లలో అలివేలు ఒకటి. ఆ పిలుపుకు పలికేవాళ్లలో ఎక్కువమంది నడివయసు దాటినవాళ్లే. అదే ఊరి అంగన్‌వాడీలో అలివేలు అనే పాప కోసం వెతుక్కోవాలి.

ఈ జిల్లాలో ఆ పేరు పాతుకుపోవడానికి కారణం కొండల మీదే ఉంది. మహబూబ్‌నగర్‌కు దగ్గర్లోని మన్యంకొండ, చిన్నచింతకుంట మండలంలోని కురుమూర్తి, రెండూ వెంకన్న క్షేత్రాలే. తిరుపతి దాకా పోలేని రైతులు, కూలీలు మొక్కులు ఇక్కడే చెల్లించుకుంటారు. అందుకే మన్యంకొండను పేదల తిరుపతి అంటారు. ఆ కొండ దిగువన అలివేలు మంగతాయారు గుడి ఉంది. కొడుకు పుడితే వెంకటయ్య, కురుమయ్య. బిడ్డ పుడితే అలివేలు, మంగమ్మ.

పేరు మాత్రం అంతకన్నా చాలా పాతది, చాలా దూరం నడిచి వచ్చింది. తమిళంలో అది ‘అలర్‌మేల్ మంగై’, అంటే పువ్వు మీద కొలువైన పడతి, తామరలోని లక్ష్మి. వెయ్యేళ్లకు ముందే నమ్మాళ్వారు తిరువాయ్‌మొళిలో తిరుమల స్వామి గుండెల మీద నిలిచిన తల్లిని ఈ పేరుతోనే చెప్పాడు. అలరు అంటే పువ్వు అని మన నిఘంటువుల్లోనూ ఉంది కాబట్టి తెలుగు చెవికి అది పరాయి మాటేమీ కాలేదు. తాళ్లపాక అన్నమాచార్యుడు (1408–1503) అలమేలుమంగను తెలుగు సంకీర్తనకు నాయికను చేశాడు. ఆయన వేంకటేశ్వర శతకం కూడా ఆ తల్లిని పిలుస్తూ సాగుతుంది.

అలమేలు అలివేలు ఎలా అయింది? మామ మావ అయినట్టు, మామిడి మావిడి అయినట్టు ‘మే’ కాస్తా ‘వే’ అయింది. తుమ్మెదల్లాంటి నల్లని జడ ఉన్నదని చెప్పే అలివేణి అన్న మాట కూడా ఈ మార్పుకు చేయూతనిచ్చి ఉండవచ్చు. ఏదైనా, జనం నోట్లో నలిగి నునుపెక్కిన రూపమిది. దీన్ని అపభ్రంశమని చిన్నచూపు చూడటం తగదు. తమిళులకు అలమేలు ఉంది. కన్నడిగులకు అలమేలమ్మ ఉంది: 1610లో రాజ ఒడెయరు శ్రీరంగపట్నాన్ని చేజిక్కించుకున్నాక ఆయనను శపించి కావేరిలో దూకిందని చెప్పుకునే రాణి ఆమె. అలివేలు మనది.

ఆ మనదాన్నే మనం రాతలో పాడు చేస్తున్నాం. ఒకే మనిషి ఆధార్‌లో అలివేలు, బ్యాంకు పుస్తకంలో అలవేలు, పట్టా పాసుపుస్తకంలో అలువేలు అయితే తిప్పలు పడేది ఆమే. రాసేవాళ్లు ‘నీ పేరు ఎట్లంటవు అమ్మా’ అని ఒక్కసారి అడిగి, విన్నది విన్నట్టు రాస్తే చాలు.

ఇంతకన్నా పెద్ద బాధ, ఈ పేరు పల్లెటూరిదని, పాతదని పక్కన పెట్టేయడం. పట్నంలో చదివే ఆడపిల్ల తన పేరు చెప్పడానికి జంకితే ఆ తప్పు ఆ పిల్లది కాదు, ఆ జంకు నేర్పిన పెద్దలది. అర్థం అంతుపట్టని కొత్త పేర్ల కోసం ఫోనుల్లో గాలిస్తున్న తల్లిదండ్రులు కోరుకునేవన్నీ ఇందులో ఉన్నాయి: పలకడానికి మెత్తన, అర్థంలో అందం, వెనుక వెయ్యేళ్ల కవిత్వం.

నక్షత్రం చూసి పేరు పెట్టేవాళ్లకూ అడ్డు లేదు. కృత్తిక మొదటి పాదానికి వచ్చే అక్షరం ‘అ’. పంతుళ్లు ఇచ్చే పేర్లలో అనన్య, అక్షరల పక్కన అలివేలునూ చేర్చవచ్చు. నాయనమ్మ పేరు కదా అని ఇంట్లో పిలుపుకే పరిమితం చేయకుండా జనన ధ్రువపత్రంలో, బడి రిజిస్టరులో అదే రాయించాలి. పిల్ల వెంట పెద్ద చదువుల దాకా, కొలువు దాకా నడిచేది ఆ రాసిన పేరే.