ఇంటి కంప్యూటర్‌కు యాంటీవైరస్: కాపలా ఎంతవరకు?

సూరత్ రింగ్ రోడ్‌లోని జౌళి దుకాణంలో కూర్చుని ఇంటి కెమెరాలను, తలుపు తాళాలను, దీపాలను కంప్యూటర్ ద్వారా నియంత్రించే వ్యాపారికి ఏ యాంటీవైరస్ కొనాలన్న సందేహం సహజం. అయితే యాంటీవైరస్ తాను ఉన్న కంప్యూటర్‌నే కాపాడుతుంది. దానికి అనుసంధానమైన కెమెరాకు ఆ రక్షణ వర్తించదు.

ఈ తేడా గుజరాత్‌కు అనుభవపూర్వకంగా తెలిసింది. రాజ్‌కోట్‌లోని ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరా దృశ్యాలు యూట్యూబ్‌లో ప్రత్యక్షమై, టెలిగ్రామ్‌లో అమ్మకానికి వచ్చిన ఉదంతం 2025 ఫిబ్రవరిలో వెలుగుచూసింది. బలహీనమైన పాస్‌వర్డ్‌లే చొరబాటుకు మార్గమయ్యాయి. 2016లో మిరాయ్ మాల్వేర్ సైతం తయారీదారు పెట్టిన పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాలను, రౌటర్లను వశపరచుకుంది. వాటితో అక్టోబరు 21న జరిగిన దాడిలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ సేవలకు అంతరాయం కలిగింది.

కొనుగోలుకు ముందు ఆపరేటింగ్ సిస్టమ్‌ను పరిశీలించాలి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11లో అంతర్భాగమైన డిఫెండర్ సామాన్య గృహావసరాలకు సరిపోతుంది. వేరొకటి ఎంచుకుంటే, నిత్యం అప్‌డేట్ అయ్యేదీ, కంప్యూటర్ వేగాన్ని తగ్గించనిదీ కావాలి. రెండు యాంటీవైరస్‌లను ఏకకాలంలో నడపరాదు. సెర్ట్-ఇన్ ఆధ్వర్యంలోని సైబర్ స్వచ్ఛతా కేంద్రం మాల్వేర్‌ను తొలగించే సాధనాలను ఉచితంగా అందిస్తోంది.

ప్రతి పరికరానికి ప్రత్యేక పాస్‌వర్డ్ పెట్టడం, ఫర్మ్‌వేర్‌ను అప్‌డేట్ చేయడం, రౌటర్‌లోని గెస్ట్ వైఫైకి కెమెరాలను మార్చడం ఖర్చు లేని పనులు. వీటిని విస్మరించి ఎంత ఖరీదైన లైసెన్సు కొన్నా ఇల్లు భద్రం కాదు.