సింహాల దేశంలో దీపం ఊరు

కెన్యా అనగానే మసాయి మారా, సింహాలు, జీపుల బారులు. తూర్పు తీరానికి వెళ్లినా చాలామంది బీచ్‌తోనే సరిపెట్టుకుంటారు. మాలిందికి దక్షిణంగా, అరబుకో సొకోకె అడవి అంచున ఉన్న గెడి శిథిలాల వైపు మళ్లేది కొందరే.

17వ శతాబ్దంలో జనం ఖాళీ చేసి వెళ్లిపోయిన స్వాహిలీ పట్టణమిది. పగడపు రాతితో కట్టిన మసీదులు, రాజమహల్, ఇళ్లు, బావుల ఆనవాళ్లు చెట్ల నీడన మిగిలాయి. తవ్వకాల్లో చైనా పింగాణీ, వెనిస్ గాజుపూసలతోపాటు భారతదేశపు ఇనుప దీపమూ బయటపడింది. ఆఫ్రికాకు చరిత్రే లేదన్న వలస పాలకుల వాదానికి ఇంతకన్నా జవాబేముంటుంది?

2024లో గెడి యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. సింహం కోసం సముద్రం దాటే భారతీయులు, తమ దేశపు దీపం చేరిన ఈ ఊరికి ఒక పూట కేటాయిస్తే చాలు.