పళ్ళు సూడు ముందు!

2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ గాలి తగ్గాక తలుపు తీస్తే, వీధికి అడ్డంగా నిద్రగన్నేరు చెట్టు. కరెంటు లేదు, సిగ్నల్ లేదు. పక్కింటక్కకి తొమ్మిదో నెల. ఆటో వెళ్ళే దారి లేదు.

మా అన్నయ్య హీరోలా ఇంట్లో రంపం పట్టుకొచ్చాడు. పది లాగులకే ఇరుక్కుపోయింది. తడి పొట్టు ముద్దలా పళ్ళ మధ్య నిండిపోయింది. వీధి చివరి తాత, ఒకప్పుడు టింబర్ డిపోలో చేసినాయన, చూసి నవ్వాడు. "ప్లైవుడ్డు కోసే దాంతో మాను కోత్తావేట్రా? పళ్ళు సూడు ముందు!"

ఆయన తెచ్చింది ఇద్దరు పట్టుకునే అడ్డకోత రంపం. "లాగడమే నీ పని, తొయ్యకు" అన్నాడు. తోస్తే బ్లేడు వంగిపోతుందట. ఈసారి పొడి కాదు, సేమియా లాంటి పోగులు రాలాయి. మర్నాడు అక్క ఆటో ఆ సందులోంచే వెళ్ళింది.

ఇప్పుడు భోగికి కట్టెలు కోద్దామని రంపం కొనేవాళ్ళు చాలామంది రేటు, పిడి రంగు చూస్తున్నారు. తాత మాటే నా మాట. అంగుళానికి పది పన్నెండు పళ్ళుంటే అది వడ్రంగి పనికి. కట్టెలకి నాలుగైదు పెద్ద పళ్ళు చాలు. పచ్చి కర్రకైతే పళ్ళ మధ్య లోతైన ఖాళీలు, పొట్టుని బయటికి ఊడ్చే ప్రత్యేక పళ్ళు ఉన్న బ్లేడు కావాలి. ఎండు సరుగుడుకి అవి లేని మామూలు పళ్ళ బ్లేడే నయం. పళ్ళు ఒకటి కుడికి, ఒకటి ఎడమకి కాస్త వంగి ఉండాలి, లేకపోతే ఇరుక్కోవడం ఖాయం. పళ్ళ కొనలు నల్లగా ఉంటే గట్టిపరిచిన ఉక్కు. మొద్దుబారితే ఆకురాయి ఎక్కదు, బ్లేడు మార్చాల్సిందే.

ఒక్కళ్ళే కోసుకుంటే విల్లు ఆకారపు రంపం హాయి. బ్లేడు పొడవు మాత్రం దుంగ లావుకి రెట్టింపు ఉండేలా చూసుకోండి. అన్నట్టు, దుంగ రెండు చివర్లా ఆని ఉంటే మధ్యలో పైనుంచి కొయ్యకండి. కోత మూసుకుపోయి ఎంత మంచి రంపాన్నైనా పట్టేస్తుంది. ఆ రోజు అన్నయ్య చేసిన రెండో తప్పు అదే. (తనకి చెప్పొద్దు.)

ఆ నిద్రగన్నేరు పచ్చిగా ఉన్నప్పుడు పొగ తప్ప మంట ఇవ్వలేదు. మూడు నెలలు ఎండి, భోగి రోజు మాత్రం భలే కాలింది. అక్క పాపని ఎత్తుకుని దూరంగా నిలబడి చూసింది.