సిఫర్ అన్నిసార్లూ జవాబ్ కాదు



మా భతీజా కరీంనగర్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. మొన్న దస్తర్‌ఖాన్ దగ్గర సవాల్ వేశాడు: "చాచా, ప్రోగ్రాంలో గలతీ జరిగితే ఎర్రర్ మెసేజ్ వాపస్ ఇవ్వాలా, ఎక్సెప్షన్ విసరాలా?"

నేను అఖ్బార్‌వాణ్ణి, ఆసాన్‌గా చెప్పమన్నాను. సీ భాషలో ఏటూఐ అనే ఫంక్షన్‌కు అంకెకు బదులు 'అబ్బాస్' అని ఇస్తే చప్పుడు లేకుండా సున్నా ఇస్తుందట. అసలు సున్నాకూ, 'నాకు చేతకాలేదు' అనే సున్నాకూ ఫరక్ తెలియదు. పైథాన్‌లో అయితే ఎక్సెప్షన్ లేస్తుంది. ఎవరూ పట్టుకోకపోతే ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది.

నాకు 2019 ఏప్రిల్ యాదికొచ్చింది. ఇంటర్ ఫలితాల్లో మంచిర్యాల జిల్లా అమ్మాయి ఒకరికి తెలుగులో సున్నా వచ్చింది. మళ్లీ చూస్తే 99! పేపర్ దిద్దినవారు 99 బదులు 00 బబుల్ నింపారు. పరీక్ష రాసినా గైర్‌హాజర్ అని వచ్చిన పిల్లలూ ఉన్నారు. ఫలితాల తర్వాత రాష్ట్రంలో ఇరవై మంది దాకా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తల్లిదండ్రులకు అల్లాహ్ సబ్ర్ ఇవ్వాలి. ఆ తర్వాతే సర్కారు ఫెయిలైన వాళ్లందరి పేపర్లూ ఉచితంగా మళ్లీ చూడమంది.

ఆ 00 మనిషి గలతీయే. కానీ కంప్యూటర్ దానికి సలాం కొట్టి లోపలికి పంపింది. బాగా చదివే పిల్లకు సున్నా వస్తే 'ఠహరో, ఒక మనిషి చూడాలి' అని ఆపే షరతు పెట్టి ఉండాల్సింది.

మా ఉర్దూ మీడియం బడిలో రాని పిల్లాడి పేరు ముందు ఉస్తాద్ 'ఘైన్' అక్షరం వేసేవారు, సిఫర్ కాదు. రానివాడు వేరు, రాసి తప్పినవాడు వేరు. సిఫర్ అనే అరబ్బీ మాటకు మానీ 'ఖాళీ'. ఖాళీని మార్కుగా చదివితే జుల్మ్ అవుతుంది.

భతీజాతో నా రాయ్ చెప్పాను. పాస్‌వర్డ్ తప్పు కొట్టడం లాంటి రోజువారీ గలతీకి మెసేజ్ చాలు. మార్కులు, రేషన్, పింఛను లాంటి మనిషి హక్ ఉన్న చోట ఎక్సెప్షనే కావాలి. మెసేజ్‌ను ఎవరూ చూడకుండానే పని సాగిపోవచ్చు. ఎక్సెప్షన్‌ను దాటాలంటే ఎవరో ఒకరు జాన్‌బూఝ్‌కర్ దాని నోరు నొక్కాలి. అలా పట్టుకుని ఏమీ చేయకుండా వదిలేసేవాళ్లూ ఉంటారని వాడే ఒప్పుకున్నాడు. అది అమానత్‌లో ఖయానత్.

ఫలితాలు రెండు రోజులు ఆగితే ఇంట్లో బేచైనీ, అంతే. గలత్ సిఫర్ గడప దాటి లోపలికొస్తే ఏమవుతుందో చూశాం. అమ్మీలారా, అబ్బాలారా! పిల్లలకు వింత మార్కు వస్తే ముందు ఆ కాగితం మీద షక్ పెట్టండి, బచ్చా మీద కాదు.