సంఘమునకు బస్సు కొనునపుడు

పటాన్‌చెరు ప్రాంతమునుండి యొక సోదరి మాకు లేఖ వ్రాసిరి. వారి సంఘము బస్సు కొనదలచినదట. పాఠశాలవారు అమ్మజూపిన పాత బస్సు నొకదానిని పెద్దలు చూచి వచ్చిరట. వెల చౌక, రంగు క్రొత్తది. స్త్రీల మైత్రి సొమ్ములోనుండి కొంత యిమ్మని యడుగుచున్నారట. "ఇచ్చుటకు ముందు మేమేమి చూడవలెను?" అని యామె ప్రశ్న.

బస్సు కావలెననుటలో తప్పులేదు. రామచంద్రాపురము, పాశమైలారము, బొల్లారము, సంగారెడ్డి ప్రాంతములలో కర్మాగారముల పనివారు తలయొక చోట కాపురముండుట చేత ఆదివారపు ఆరాధనకు చేరుటయే కష్టము. క్రిస్మసునాడు 1924లో ప్రతిష్ఠింపబడిన మెదకు దేవాలయమునకు పిల్లలతో, వృద్ధులతో పోవలెనన్నచో సరకులు మోయు డి.సి.యం. బండిలో నిలిచి పోవువారు నేటికిని కలరు. దానికంటె బస్సు మేలే. కాని ఎట్టి బస్సు?

ఇట్టి బస్సు కథయే యొకటి అమెరికాలో జరిగినది. కెంటకీ రాష్ట్రమున ర్యాడ్‌క్లిఫ్ అను ఊరిలోని యొక సంఘమువారు పాత పాఠశాల బస్సును కొని వాడుకొనుచుండిరి. 1988 మే 14వ తేదీన పిల్లలను విహారమునకు గొనిపోయి, రాత్రి తిరిగి వచ్చుచుండగా, కారల్టన్ చేరువను త్రాగియున్నవాడొకడు ఎదురుదారిని బండి తోలుకొని వచ్చి దానిని ఢీకొనెను. బస్సులో 67 మంది యుండిరి. 27 మంది మరణించిరి. వారిలో 24 మంది పిల్లలు. ఢీకొన్న దెబ్బకు చనిపోయినవారొక్కరును లేరు. అందరును పొగకును మంటకును బలియైరి. ఇంధనపు తొట్టి ముందు తలుపు చెంతనే యుండుటచే ఆ దారి మూసికొనిపోయెను. మిగిలినది వెనుక నొక్క తలుపు. సీట్ల నడుమ త్రోవ ఇరుకు. ఒకరిపై నొకరు పడి అచ్చటనే చిక్కుకొనిరి. 1977 ఏప్రిల్ 1 నుండి అమలైన రక్షణ నియమములకు కొలది దినములు ముందుగా ఆ బస్సు తయారైనది. మరణించినవారిలో అందరికంటె చిన్నది పదేండ్ల బాలిక. ఆమె తల్లి కేరొలిన్ నన్నలీ, త్రాగి బండి తోలుటను మాన్పింప తల్లులు నెలకొల్పిన సంఘమునకు తరువాత జాతీయాధ్యక్షురాలై పనిచేసెను.

ఇది దూరదేశపు మాట యనవలదు. 2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెము వద్ద బస్సు కల్వర్టు గోడకు తగిలి మంటలంటుకొనగా 45 మంది దగ్ధమైరి. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు కనుమదారిలో పరిమితికి మించి జనమును ఎక్కించుకొన్న బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించిరి.

కావున మేము చెప్పునదొక్కటే: ఎక్కు దారి చూచి బస్సు కొనవలదు, దిగు దారి చూచి కొనుడు. బేరమునకు పోవు పెద్దల వెంట మీలో నిద్దరు ముగ్గురు స్త్రీలు తప్పక పొండు. ఇంజను సంగతి అమ్మువానికి సంబంధములేని మెకానికును పిలిపించి చూపుడు. బ్రేకులును, అడుగుభాగపు తుప్పును అతడు చూచును. మీరు చూడవలసినవి వేరు.

పాఠశాల బస్సుల కిటికీలకు, పిల్లలు చేతులు చాపకుండుటకై, అడ్డుకమ్ములు బిగింతురు. ఆపదలో ఆ కమ్ములే మీకు చెరసాల. చిన్నపిల్లలకై చేసిన సీట్లు పెద్దలకు చాలవు. వారి మోకాళ్లు త్రోవకు అడ్డువచ్చును. అత్యవసర ద్వారమును మీ చేతితో తెరచి చూడుడు. తుప్పుపట్టి బిగిసియున్నను, దానికడ్డముగా అదనపు సీటు వేసియున్నను, ఆ బస్సు వలదు. సీట్లు లెక్కించి రిజిస్ట్రేషను పత్రములోని సంఖ్యతో సరిచూడుడు. అద్దము పగులగొట్టు సుత్తియు, గడువు తీరని అగ్నిమాపక సాధనమును ఉన్నవేమో చూడుడు.

టైరు ప్రక్కన నాలుగంకెలు అచ్చువేసి యుండును. 1221 అని యున్నచో అది 2021వ సంవత్సరము 12వ వారమున తయారైనదని యర్థము. గాడి 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని చట్టము. రవాణా బండ్లకు ఎనిమిదేండ్ల వరకు రెండేండ్లకొకసారియు, పిదప ఏటేటను ఫిట్‌నెస్ పరీక్ష జరుగవలెను. ఆ పత్రమును, బీమాను, పన్ను రసీదులను అడిగి చూడుడు. సంఘపు బస్సుకు ఏ పర్మిట్టు కావలెనో రవాణా కార్యాలయమున ముందే తెలిసికొనుడు. డీజిలు ఖర్చులకని తలకింతయని వసూలు చేసినచో అది బాడుగ బండి లెక్కలోనికి పోయి, ఆపదవేళ బీమా చేతికి రాకపోవచ్చును.

కొన్న తరువాత కట్టడి యింకను ముఖ్యము. మెదకు ప్రయాణములో అచ్చట వంట చేసికొందమని గ్యాసు సిలిండరును, గంగాళములను సీట్ల నడుమ పెట్టుట మన యలవాటు. సిలిండరు బస్సెక్కరాదు, మూటలు త్రోవలో నుండరాదు. డ్రైవరునకు రవాణా బండ్లు తోలు లైసెన్సు కలదో లేదో చూడుడు. మన ప్రాంతమునకు వేరొక కీడు కలదు. శనివారము రాత్రి షిఫ్టు చేసి దిగిన సోదరుడు, సేవ యను భక్తితో, ఆదివారము ఉదయమే స్టీరింగు పట్టును. భక్తికి నిద్ర ఆగదు. లారీలు, ట్యాంకర్లు నిండిన 65వ జాతీయ రహదారిపై అట్టి సేవను అంగీకరింపకుడు.

ఇన్ని వసతులు గల బస్సునకు సొమ్ము చాలకున్నచో సిగ్గుపడ పనిలేదు. పండుగ దినములకు ఆర్టీసీ బస్సును అద్దెకు తీసికొనవచ్చును. చౌక బస్సు కొని, దాని మరమ్మతులకు డబ్బులేక మూలబెట్టుటకంటె నిది నయము.

మాకు వ్రాసిన సోదరికి తుదిగా నొక్క మాట. సొమ్మిచ్చుటకు ముందు, మీ సంఘమునందలి మిక్కిలి వృద్ధురాలగు అమ్మను ఆ బస్సులో వెనుక సీటునకు గొనిపోయి ఆమె ప్రక్కన కూర్చుండుడు. నిలిచియున్న బస్సులో ముందు తలుపు మూయింపుడు. క్రింద నిద్దరు చేయూత నియ్యగా, చీర కుచ్చెళ్లు చిక్కుకొనకుండ, ఆమె అత్యవసర ద్వారమున దిగగలిగినచో బేరము సాగింపుడు. దిగలేకున్నచో, వెల యెంత చౌకయైనను, స్త్రీల మైత్రి సొమ్మును పెట్టెలోనే యుంచుడు.